మా ఇంటి బల్లి మళ్ళీ నడిచింది

పోయిన సంక్రాంతికి కావేరిపాక్కం వచ్చినవాళ్ళు హాల్లో గాజుపెట్టె ముందు నిలబడి అడిగింది ఒకటే ప్రశ్న. "బల్లిని ఎవరైనా డబ్బిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోతారా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నేను బడిలో చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం ముప్పై దాటినాక కూర్చుని నేర్చుకున్నాను. తప్పులుంటే చిన్నాయన దిద్దుతాడు.

ముందు చుక్కి ఎవరో చెప్పాలి. అది గోడల మీద పాకే బల్లి కాదు, లెపర్డ్ గెకో. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు ఉంటాయి, అందుకే కన్నడలో చుక్కి అని పేరు పెట్టుకున్నాను. మన గోడబల్లికి కనురెప్పలుండవు, దీనికి ఉంటాయి. వేళ్ళ కింద అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గోడ ఎక్కలేదు, నేల మీదే నడుస్తుంది. తోక లావుగా ఉంటుంది, కొవ్వంతా అందులో దాచుకుంటుంది. దీని జాతి పుట్టిల్లు ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ వైపు ఎండుకొండలు. చుక్కి మాత్రం పెట్టెలోనే పుట్టింది. బెంగళూరు స్నేహితుడొకడు 2021లో ఫారిన్ వెళ్తూ నా చేతిలో పెట్టాడు. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. దీని దాయాదులు మన వైపు కొండల్లోనూ ఉన్నాయి. 2022లో విశాఖపట్నం దగ్గర దొరికిన ఒకదాన్ని కొత్త జాతిగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. అలాంటివాటిని అడవిలో పట్టి తెచ్చి పెంచకూడదు. పిల్లలు ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

అవ్వకు ఇది ఇంట్లోకి రావడమే ఇష్టం లేదు. తమిళంలో పల్లి, కన్నడలో హల్లి, తెలుగులో బల్లి. ఏ భాషలో చెప్పినా అవ్వ మొహం ఒకేలా మాడేది. పంచాంగంలో బల్లిపాటు పట్టిక ఆమెకు కంఠతా వచ్చు. బల్లి మీద పడితే తలస్నానం, కుదిరితే కంచి ప్రయాణం. వరదరాజ పెరుమాళ్ గుళ్ళో పైకప్పుకున్న బంగారు బల్లిని, వెండి బల్లిని తాకితే దోషం పోతుందని మనందరినీ చిన్నప్పుడు ఆ మెట్లెక్కించింది కదా. "ముట్టుకోవాల్సిన బల్లి కంచిలో ఉండాది. ఇది యాడ నుంచి దాపురించిందిరా నాయనా?" అనేది.

2023లో వానల టైములో అవ్వ పెరట్లో జారి పడింది, మీకందరికీ తెలుసు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, వేలూరులో ఆస్పత్రి వరండాలో రాత్రిళ్ళు, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని టెస్ట్ కేసులు. ఆ నాలుగైదు నెలలు చుక్కి నాకు గుర్తే లేదు. అమ్మ పాపం రోజు విడిచి రోజు పురుగులు వేసేది. అది తినేది. నేను ఇంటికి వచ్చినప్పుడు ఒక చూపు చూసేవాణ్ణి. కళ్ళు తెరిచే ఉంది, తిన్నది, సరే. పైకి అంతా పాస్.

అవ్వ ఇంటికొచ్చాక హాల్లో మంచం వేశాం. మంచానికి ఎదురుగా గాజుపెట్టె. వేరే చూసేందుకేమీ లేక ఆమె రోజంతా దాన్నే చూసింది. ఒక సాయంత్రం నన్ను పిలిచింది.

"రేయ్, ఇది నా మాదిరే నడస్తా ఉండాదిరా. పొట్ట ఎత్తలేకుండా ఉండాది, చూడు."

చూశాను. ముందుకాళ్ళు విల్లులా వంగి ఉన్నాయి. పొట్ట నేలకు ఈడ్చుకుంటోంది. పురుగు ముందర పెడితే నోరు తెరుస్తుంది గానీ పట్టలేకపోతోంది. కాలివేళ్ళు వాటంతట అవే అదురుతున్నాయి. తూకం వేస్తే 39 గ్రాములు. ఒక ఏడాది ముందు 58. పడే ముందు కూడా అవ్వ నడక ఇలాగే మారింది. అప్పుడూ నేను చూశాను, వయసు అనుకున్నాను.

మర్నాడే చిన్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి చెన్నైలో తాబేళ్ళు, బల్లులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. దవడ వేలితో తాకితే రబ్బరులా వంగింది. ఎక్స్‌రేలో ఎముకలు మాంసంలో కలిసిపోయినట్టు పలచగా ఉన్నాయి. మెటబాలిక్ బోన్ డిసీజ్ అన్నాడు. ఆయన విడమరిచి చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. రక్తంలో కాల్షియం ఒక మట్టానికి తగ్గకూడదు. తగ్గితే కండరాలు, గుండె దెబ్బతింటాయి. తిండిలో రానప్పుడు గొంతు దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి లాగి రక్తంలో పోస్తాయి. అందుకే చాలాకాలం పైకి ఏమీ తెలియదు. వేళ్ళు అదరడం మొదలైందంటే ఎముకల్లో ఉన్నదీ చాలడం లేదని అర్థం.

ఎందుకొచ్చింది అని నేను అడగక ముందే ఆయన నన్ను అడిగాడు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లుతున్నారా? పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. పొడి చల్లకుండా వేస్తే కడుపు నిండుతుంది గానీ ఎముక నిండదు. ఆ సంగతి నేను అమ్మకు చెప్పనే లేదు. అల్మారాలో ఉన్న డబ్బా కూడా గడువు దాటినది, దాన్లో డి3 విటమిన్ తగ్గిపోయి ఉండొచ్చు. డి3 లేకపోతే తిన్న కాల్షియం కూడా ఒంటికి పట్టదు.

రెండో ప్రశ్న, యూవీబీ లైటు ఉందా? "కిటికీ పక్కనే పెట్టాను సార్, పొద్దున ఎండ బాగా వస్తుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది, వెలుగూ వేడీ వస్తాయి గానీ చర్మంలో డి విటమిన్ తయారు చేసే కిరణం రాదు అన్నాడు. పాత ట్యూబు కాలిపోయినప్పుడు ఎండ ఉంది కదా అని కొత్తది కొనకుండా వదిలేసింది నేనే. పన్నెండేళ్ళుగా ఆఫీసులో నా పని ఇదే, "ఇది పనిచేస్తోందని నీకెట్లా తెలుసు?" అని డెవలపర్లను అడగడం. నా ఇంట్లో కిటికీని అడగలేదు.

వైద్యం మొదలైంది. సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజితో రోజూ ద్రవ కాల్షియం, తూకాన్ని బట్టి డాక్టరు చెప్పిన చుక్కలు. నోరు బలవంతంగా తెరవకూడదు, దవడ విరుగుతుంది. ముక్కు మీద ఒక చుక్క వేస్తే అదే నాకుతుంది. అది నాకేదాకా ఆగాలి, అంతే. ఒక్కో రోజు అరగంట పట్టేది. డి3 మాత్రం ఆయన చేత్తోనే. ఎక్కువైతే అదీ విషమే అన్నాడు, మనుషుల మాత్రలు నూరి పెట్టొద్దన్నాడు. పెట్టెలో ఎక్కే కొమ్మలు, రాళ్ళు తీసేసి టిష్యూ కాగితం పరిచాను, పడితే ఎముక విరగకుండా. కొత్త యూవీబీ ట్యూబు వచ్చింది. ఒక పక్క నేల 32 డిగ్రీలు, రెండో పక్క 26, థర్మామీటరుతో కొలిచి. వేడి చాలకపోతే తిన్నది అరగదు.

అవ్వ కూడా ఒక మందు చెప్పింది. "తమలపాకు సున్నం రవ్వంత పెట్టరా. మీ నాయనకు పళ్ళొచ్చేటప్పుడు సున్నపుతేట తాపినాను." సున్నంలో ఉండేదీ కాల్షియమే, ఆమె లెక్క తప్పు కాదు. కానీ దాని నోరు కాలిపోతుందని చెప్పాను. అయితే సిరంజి నేనే పట్టుకుంటా అంది. ఇన్నాళ్ళూ దాని వైపు చూడటానికే ఇష్టపడని మనిషి.

అప్పట్నుంచి మా ఇంట్లో పొద్దున ఎనిమిదిన్నరకు ఒకటే కార్యక్రమం. ముందు అవ్వకు కాల్షియం మాత్ర, ఫిజియో వ్యాయామం పదిసార్లు. తర్వాత చుక్కికి చుక్క. అవ్వ వాకరు పట్టుకుని మంచం నుంచి పెట్టెదాకా నాలుగడుగులు వేయాలి. మామూలుగా అయితే "రేపు చేస్తాలే" అనేది. చుక్కి కోసం లేచేది. నేను రెండిటి తూకమూ ఎక్సెల్ షీటులో రాసేవాణ్ణి.

మూడో వారం 36 గ్రాములకు పడిపోయింది. నాలుగు రోజులు ఏమీ తినలేదు. ఆ రాత్రి అవ్వ, "పోతే పోనీ, నువ్వు ఏడవొద్దు. నన్ను చూసినట్టే చూసినావు దాన్ని" అంది. అదే నాకు గుచ్చుకుంది. నిజంగానే ఇద్దర్నీ ఒకేలా చూశాను. పడేదాకా చూడలేదు.

ఆరో వారంలో వేళ్ళు అదరడం ఆగింది. రెండు నెలలకు పొడి చల్లిన పురుగుని తానే పట్టి నమిలింది. దవడ గట్టిపడింది. అయిదు నెలలకు 51 గ్రాములు, పొట్ట నేలకు తగలకుండా నాలుగు కాళ్ళ మీద లేచి నడిచింది. వంకర పోయిన కాళ్ళు వంకరగానే ఉన్నాయి, దవడ ఒక పక్కకు ఉంది. ఎముక గట్టిపడుతుంది గానీ వంగినది నిటారు కాదని డాక్టరు ముందే చెప్పాడు. అవ్వ కూడా వాకరు వదల్లేదు. కానీ వాకిలిదాకా పోయి ముగ్గు ఎట్లా వేశారో చూసి తిట్టి వస్తుంది.

పోయిన పురట్టాసిలో అందరం కంచి పోయాం. బంగారు బల్లి దగ్గర మెట్లు చూసి అవ్వ కిందే కుర్చీలో కూర్చుంది. ఎత్తుకుని తీసుకుపోతాం అన్నాం. "వద్దులే, దినామూ ఇంట్లో ముట్టుకుంటానే ఉండాను కదా" అంది.

ఇప్పుడు పెట్టె మీద ఒక కాగితం అంటించాను. పొడి ఎప్పుడు చల్లాలి, డబ్బా గడువు ఎప్పుడు, ట్యూబు ఎప్పుడు మార్చాలి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా నెలలు గడిచేకొద్దీ యూవీబీ తగ్గిపోతుంది, అందుకని తేదీ రాయాలి. దాని పక్కనే అవ్వ మందుల కాగితం. ఈసారి పండక్కి వచ్చేవాళ్ళు రెండూ ఒకసారి చదవండి. పిల్లలు అద్దం తట్టొద్దు, అవ్వ ఊరుకోదు. పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళ నడక ఒకసారి గమనించండి.

ఈ ఆదివారం చుక్కి తూకం 55 గ్రాములు.