ఫోటోలో పడని స్క్రూలు

మా వైపు ఎక్స్‌రేని ఎక్స్‌రే అనరు, ‘ఫోటో’ అంటారు. ఆత్మకూరులో ఫోటో తీయించాం, నెల్లూరులో ఇంకో ఫోటో తీశారు, ఇట్లా. మాట తేలిగ్గా దొర్లినా దాని వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. ఫోటోలో పడింది ఉన్నట్టు, పడనిది లేనట్టు. కాలు విరిగి రాడ్డు వేయించుకున్నవాళ్లు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, తెల్లగా కనిపించే రాడ్డును చుట్టాలందరికీ చూపిస్తారు. పెట్టిన డబ్బుకు అదే రసీదు.

ఉదయగిరిలో మా చిన్నాయనకు ఆ రసీదు దొరకలేదు.

ఆయన స్లాబులకు సెంట్రింగు కొట్టే మనిషి. 30 ఏళ్లుగా రేకులు, జాకీలు తలకు మించి ఎత్తిన భుజం. ఒకరోజు చెయ్యి పైకి లేవలేదు. ఊళ్లో అందరూ నరం తెగిందన్నారు. తెగింది నరం కాదు, టెండన్. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాల టెండన్లు కలిసి ఒక పట్టీలా ఉంటాయి, దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. అందులో పైనుండే టెండనే ఎక్కువగా తెగుతుంది. దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు పోయి నెల్లూరులో ఆపరేషన్ చేయించారు. ఎముకకు చిన్న రంధ్రాలు చేసి, దారాలున్న స్క్రూల్లాంటి యాంకర్లు బిగించి, ఆ దారాలతో టెండన్‌ని తిరిగి ఎముకకు కట్టారు.

రెండు నెలలైనా నొప్పి తగ్గలేదని ఆత్మకూరులో ఫోటో తీయించారు. ఎముక ఉంది. స్క్రూలు లేవు.

“ఏందబ్బయా ఇది? స్క్రూలు ఏసినామని చెప్పిరి, బిల్లు కట్టించుకొనిరి. ఫోటోలో ఒక్కటీ లేదే!”

ఫోన్లో ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ. చుట్టాలు నెల్లూరు పోయి నిలదీద్దామంటున్నారు. అంతకన్నా పెద్ద సంగతి, లోపల పట్టుకునేదేమీ లేదు కాబట్టి కదిలిస్తే ఊడిపోతుందని ఆయన వ్యాయామం మానేశాడు. చెప్పిన సమయానికి కదిలించకపోతే భుజం బిగుసుకుపోతుంది. స్క్రూలు లేవన్న నమ్మకమే ఆ చేతిని చెడగొట్టేట్టుంది.

డిశ్చార్జ్ కాగితం వాట్సాప్‌లో పంపమన్నాను. అందులో ఇంగ్లిషులో ఒకే ఒక్క మాట ఉంది: బయో అబ్సార్బబుల్. ఒంట్లో కరిగిపోయే రకం.

ఎముకలోని క్యాల్షియం, లోహపు స్క్రూలోని టైటానియం ఎక్స్ కిరణాలను బాగా ఆపుతాయి, అందుకే తెల్లగా పడతాయి. కరిగే యాంకర్లలో చాలావాటిని పాలీలాక్టిక్ ఆమ్లంతో చేస్తారు. అందులో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. కిరణాలు వాటిని దాటుకుని పోతాయి. మహా అయితే రంధ్రం చేసినచోట ఒక మసక మచ్చ కనిపిస్తుంది, అదీ వెతికే కంటికి. ఒంట్లోని నీటికి ఆ పదార్థం మెల్లగా తెగి లాక్టిక్ ఆమ్లం అవుతుంది. పెరుగుకు పులుపునిచ్చేది కూడా అదే. చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు అయి, ఊపిరితో కూడా బయటికి పోతుంది.

చిక్కంతా వేగంలో ఉంది. టెండన్ ఎముకకు అతుక్కుని బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. తొలినాళ్లలో వాడిన పాలీగ్లైకాలిక్ ఆమ్లం రకం వారాల్లోనే బలం కోల్పోయేది, కొందరిలో చుట్టూ ఉన్న ఎముక కూడా అరిగేది. పాలీలాక్టిక్ రకం ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఇప్పుడు దానికి క్యాల్షియం ఫాస్ఫేట్ కలిపి, అది కరిగినచోట ఎముక పెరిగేలా చూస్తున్నారు. లోహమే వేస్తే గొడవ లేదు కదా అనిపిస్తుంది గానీ, లోహం దగ్గర ఎమ్మారై బొమ్మ చెదిరిపోతుంది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే అడ్డం కూడా.

ఎమ్మారైలో కరిగే యాంకరు కనిపిస్తుంది, నల్లగా. కరిగేకొద్దీ చుట్టూ నీరు చేరితే కొన్ని బొమ్మల్లో తెల్లటి అంచు పడుతుంది. రిపోర్టులో ద్రవం అనో సిస్టు అనో రాస్తే ఇంకో భయం మొదలు. సన్నటి అంచు చాలామందిని బాధపెట్టదు, పెరుగుతూ పోతే మాత్రం పట్టించుకోవాలి. కుట్టిన టెండన్ కూడా నెలల తరబడి మామూలు టెండన్‌లా కనిపించదు. వేసింది ఏ రకం, వేసి ఎన్నాళ్లయింది అన్నది తెలియకపోతే ఆ బొమ్మను సరిగ్గా చదవలేం.

ఇదంతా ఫోన్లో చెప్తుంటే పక్కనుంచి మా చిన్నమ్మ అందుకుంది. “నా కాన్పప్పుడు ఏసిన కుట్లు ఎవురు విప్పినారు? అయ్యే కరిగిపొయినాయి. ఇదీ అట్టాంటిదే గదా!”

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పని భాషలో అడిగాడు. “అంటే సెంట్రింగు. స్లాబు గట్టిపడినాక అది ఉండబళ్లేదు. సరే, స్లాబు గట్టిపడిందో లేదో ఎట్టా తెలుస్తాది?”

అసలు అడగాల్సిన ప్రశ్న అదే. దానికి ఎక్స్‌రే జవాబు చెప్పదు. నెల్లూరులో డాక్టరు చెయ్యి ఎత్తించి, తన చేత్తో కిందికి నొక్కి బలం చూశాడు. అల్ట్రాసౌండ్‌లో టెండన్ తెగలేదని తేలింది. ఆ వారమే వ్యాయామం మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఆయన చెయ్యి తల దాకా లేస్తోంది. రేకులు మాత్రం ఎత్తడు, కింద నిలబడి పని చెప్తాడు.

ఇంత తిరుగుడు అక్కర్లేదు. డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో ఒక్క వాక్యం చాలు: ఇవి కరిగే రకం, ఫోటోలో కనపడవు, చెయ్యి కదిలించడం మానొద్దు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఫోటో తీసేది ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో. ఆ వాక్యం అక్కడి దాకా మనిషి వెంట పోవాలి.