తెగిన వ్రేళ్లు, దిగిన శ్రుతి

వీణ, ఫిడేలు, హార్మోనియములకు అలవడిన చెవులకు వింతగా దోచు నొక సంగీతమును గూర్చి మేమీ పుటలలో విన్నవింతుము. దానిని డూమ్ మెటల్ అందురు. నడక మందము, శ్రుతి తగ్గు, ధ్వని మిక్కిలి బరువు. దీనికి మూలపురుషులు బ్లాక్ సాబత్ అను నలువురు. ఆ పేరు 1963లో వచ్చిన యొక భయానక చలనచిత్రమునుండి గైకొనబడినది. పెద్దలు కలవరపడ నక్కఱలేదు.

వీరు ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము పట్టణములో ఆస్టన్ అను కార్మికవాటికయందు పెరిగి, 1968లో గూడిరి. గిటారు వాయించు టోనీ అయోమీ 17 ఏండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో పనిచేయుచుండగా, యంత్రమున బడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయెను. ఆతడు ఎడమచేతివాటమువాడు గనుక తీగెలను నొక్కవలసినది ఆ కుడిచేయియే! ఇక వాయించుట కల్ల యని యందఱు ననుకొనిరి. అంతట కర్మాగారపు మేస్త్రీ యాతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డొకటి వినిపించెను. అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు చెడినను కీర్తిగాంచిన గిటారు విద్వాంసుడాతడు. అయోమీ లేచి, ప్లాస్టిక్ సీసాను గరగించి వ్రేలితొడుగులు చేసికొని, తోలు అతికించి, మరల సాధకమునకు గూర్చుండెను. ఆ తొడుగులకు గట్టితీగెలు లొంగవు. కావున సన్ననివి తగిలించెను. పిమ్మట వానిని వదులు చేసెను. 1971 నాటి మూడవ రికార్డులోని కొన్ని పాటలలో శ్రుతి మూడు స్వరస్థానములు దిగినది. వినువారికి భూమి గర్జించినట్లుండును.

మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13న వెలువడెను. ఆరంభమున వాన, ఉరుము, దూరపు గుడిగంట. పిదప మూడే స్వరములు: క్రింది షడ్జము, పై షడ్జము, అచ్చటనుండి ప్రతిమధ్యమము. కల్యాణి రాగమున నెంతో మధురమగు నీ ప్రతిమధ్యమమే, గాంధార పంచమముల తోడు లేక యొంటిగా నిలిచినప్పుడు గుండె ఝల్లుమనిపించును. మేము మా హార్మోనియముపై నీ మూటిని నెమ్మదిగా నొక్కి చూచితిమి. ప్రక్కగదిలోని చిన్నపిల్లలు వచ్చి, పెట్టె చెడినదా యని యడిగిరి!

2025 జూలై 5న ఆ నలువురును ఆస్టన్ నందలి విల్లా పార్కు మైదానమున కడపటి కచేరీ చేసిరి. గాయకుడు ఓజీ ఆజ్‌బర్న్ వ్యాధిచే నిలువలేక, సింహాసనమున గూర్చుండియే పాడెను. 17 దినములకు మరణించెను. అయోమీ వ్రేళ్లకు నాడును తొడుగులుండెను.