జీపుకి హీరో వేషం వేద్దామనుకుని...

మన తెలుగు సినిమాలో జీపు ఎప్పుడొస్తుందో మీకు వేరే చెప్పాలా? విలన్ అనుచరులు అరడజను మంది వేలాడుతూ వస్తే అది ఒక జీపు. ఫైటింగ్ అంతా అయిపోయాక తీరిగ్గా పోలీసులొస్తే అది ఇంకో జీపు. హీరోయిన్ ఫారెస్టాఫీసరుగారి అమ్మాయి అయిందా, మూడోది, టాపు లేనిది! ఆ జీపు వాగులో దూకుతుంది, గుట్ట ఎక్కుతుంది, అట్టపెట్టెల గోడని చీల్చుకుని అవతల తేలుతుంది. మరుసటి షాట్‌లో మళ్ళీ తళతళా మెరుస్తూ వుంటుంది. ఒక్క గీత పడదు!

ఇది చూసి ఈల వేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముప్ఫయ్యేళ్ళు దాటాక కూడా ఈల మానలేదు. అందువల్ల ఏం జరిగిందో చెబుతాను. జీపు మోజు వున్న తమ్ముళ్ళు కాస్త శ్రద్ధగా వినండి.

మైకు కట్టిన జీపు

మా మేనమామది మొవ్వ దగ్గర పల్లెటూరు. ఆయనకో జీపు వుంది. మహీంద్రా ఎమ్మెమ్ 540. ఫ్రెంచివాళ్ళ ప్యూజో డిజైను డీజిల్ ఇంజను, 2112 సి.సి. నాలుగు చక్రాలూ లాగుతాయి. గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలని పనిలోకి దింపడానికి, రెండోది ‘లో’ గేరుకి. ‘లో’లో వేస్తే చక్రానికి వెళ్ళే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, వేగం ఆ మేరకు చస్తుంది.

మామయ్యకి జీపు మీద ప్రేమ ఎలా పుట్టిందో ఆయన నోటే విన్నాను. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. సినిమా వాళ్ళు కూడా కదిలిపోయిన రోజులవి. ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి బాధితుల కోసం విరాళాలు పోగు చేశారు. మామయ్యకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. బియ్యం మూట నెత్తిన పెట్టుకుని బురదలో నడిచి వెళ్ళాడట. “దారి తేలిన చోట మొదట కనిపించింది జీపేరా అల్లుడూ! దాన్ని చూడగానే, హమ్మయ్య, మనుషులొచ్చారు అనిపించింది” అనేవాడు.

తర్వాత చాలా ఏళ్ళకి సెకండ్‌హ్యాండులో ఈ బండి కొన్నాడు. పగలు ఎరువుల బస్తాలు. శుక్రవారం కొత్త సినిమా పడితే మాత్రం బానెట్ మీద రెండు మైకులు, పక్కన పోస్టరు బోర్డులు. ‘నేడే చూడండి!’ అంటూ చుట్టుపక్కల వూళ్ళన్నీ తిరిగేది. ఆ జీపు వెనక కరపత్రాల కోసం పరిగెత్తిన పిల్లల్లో నేనూ వున్నాను. మేనల్లుణ్ణి గనక నాకు ముందు సీటు!

2022 సంక్రాంతికి మామయ్య తాళంచెవి నా చేతిలో పెట్టాడు. “నాకు మోకాళ్ళు లేవు. నువ్వు తీసుకెళ్ళి బాగు చేసుకో” అన్నాడు.

బాగు చేసుకో అన్నాడు. నేను వేషం వేశాను.

పటమటలో మేకప్ రూమ్

మా ఇల్లు విజయవాడ పటమటలో. సందు దాటితే ఆటోనగర్. ఆసియాలోకెల్లా పెద్దదని బెజవాడ వాళ్ళం గర్వంగా చెప్పుకునే ఆటోనగర్! అక్కడ దొరకనిది లేదు. లారీకి పుట్టినప్పటి ఛాసిస్ తప్ప అన్నీ కొత్తవి వేసి పంపగలరు. అంచేత నాకు ధైర్యం. పెరట్లో వేపచెట్టు కింద జీపుని దిమ్మెల మీదకి ఎక్కించి, సాయంత్రం పూట పాంట్ మడిచి పని మొదలుపెట్టాను. పత్రికలకి వ్యాసాలు రాసి కూడబెట్టిన డబ్బంతా దానికే.

ముందు ఏం చేశాను? ఎత్తు లేపాను. కమాన్ల దగ్గర దిమ్మెలు వేసి మూడంగుళాలు పైకి. తర్వాత టైర్లు. కంపెనీ ఇచ్చినవి 6.00-16 సైజు, సన్నంగా వుంటాయి. నాకవి నచ్చలేదు. 31 అంగుళాల వెడల్పాటి టైర్లు, వాటికి రిమ్ములు వేయించాను. అరవై వేలు దాటింది. ముందు ఇనప బంపరు, పైన నాలుగు లైట్లు, మాట్ నలుపు రంగు. అద్దం ముందు నిలబడ్డ హీరోలా వుంది బండి. సందులో పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. చెప్పొద్దూ, ఆ వారం నేను నేల మీద నడవలేదు!

బ్రేకులా? తొక్కితే ఆగుతున్నాయి కదా అనుకున్నాను.

ఇక్కడ చిన్న లెక్క. మా పాత చక్రం ఎత్తు ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు. దాన్ని 31 చేస్తే, స్పీడోమీటరు 50 చూపించినప్పుడు బండి నిజానికి 54 మీద పోతూ వుంటుంది. బ్రేకు డ్రమ్ము మాత్రం పాతదే. చక్రం పెద్దదయిన కొద్దీ దాన్ని పట్టి ఆపడం డ్రమ్ముకి కష్టం. పైగా బంపరు బరువు, టైర్ల బరువు. ఎత్తు లేపడంతో స్టీరింగు రాడ్ల వాలు మారింది, బండి పక్కకి తూగడం ఎక్కువయింది. ఈ లెక్క మీకు రెండు నిమిషాల్లో చెప్పాను. నాకు తెలియడానికి ఒక మనిషి ఎముక విరగాల్సి వచ్చింది.

కాలవగట్టు మీద

మే నెల. బండిని మామయ్యకి చూపిద్దామని వూరెళ్ళాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. “బావుందిరా” అన్నాడు, ‘రా’ కాస్త సాగదీసి. ఎడం పక్క సీట్లో ఎక్కించుకుని కాలవగట్టు మీదకి తీసుకెళ్ళాను.

సాయంత్రం వెలుగు, మట్టి రోడ్డు, వెనక దుమ్ము తెర. ఇంకేం కావాలి! గట్టు కింది డొంకలోంచి ఒక కుర్రాడు సైకిలు మీద గడ్డిమోపుతో పైకొచ్చాడు. పదేళ్ళుంటాయేమో. బ్రేకు తొక్కాను.

బండి ఆగలేదు. ఎడమకి లాగేసింది. ముందు కుడి చక్రం సిలిండరు చెమరుస్తోందని, అంచేత ఎడమ చక్రం ఒక్కటే పట్టుకుందని తర్వాత తెలిసింది. ఎడం చక్రం గట్టు దాటింది. బండి కాలవ వైపు ఒరిగి, ఒక తుమ్మమోడు మీద ఆగింది. అది లేకపోతే పల్టీయే. డెల్టా కాలవలకి ఇంకా నీళ్ళు వదల్లేదు గనక సరిపోయింది, జూన్ అయితే నిండా వుండేవి.

కుర్రాడికి ఏమీ కాలేదు. గడ్డిమోపు వదిలేసి పారిపోయాడు. మామయ్య అద్దం ఫ్రేము ఇనప కమ్మీకి గుద్దుకున్నాడు. కాలర్ బోన్ విరిగింది. సీటు బెల్టు లేదు. నాలుగు లైట్లు కొన్నవాణ్ణి, రెండు బెల్టులు కొనలేదు.

ఆస్పత్రిలో మామయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. కట్టు కట్టించుకుంటూ, “ఆ పిల్లాడి గడ్డిమోపు వాళ్ళింటికి చేర్పించారా?” అని మాత్రం అడిగాడు. తిట్టివుంటే బాగుండేది.

మేస్త్రీ బాబాయ్ ప్రశ్న

జీపుని లారీ మీద వేసుకుని పటమట తెచ్చాను. ఆటోనగర్‌లో మా నాన్నగారి నాటి ముసలి మేస్త్రీ వున్నాడు. బాబాయ్ అంటాను. ఆయన వచ్చి చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. లైట్లు చూడలేదు, రంగు చూడలేదు.

“పరిగెత్తడానికి ఇంత చేశావు గదా అబ్బాయ్, ఆపడానికి ఏం చేశావు?”

నా దగ్గర సమాధానం లేదు.

“బండి ఎప్పుడు బాగు చేసినా కిందనించి పైకి రావాలి. నువ్వు పైనించి కిందకి వచ్చావు. అందులోనూ కిందదాకా రాలేదు.”

అప్పట్నించి ఏడాది పైగా ఆదివారాలన్నీ వేపచెట్టు కిందే. ఈసారి ఎవరూ ఫోటోలు తీసుకోలేదు, తీసుకోవడానికి ఏమీ లేదు గనక. నాలుగు డ్రమ్ములూ లేత్ మీద సాపు చేయించాం. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండరు, లైనర్లు కొత్తవి. కమాన్ల దిమ్మెలు తీసేశాం. బంపరు విప్పేశాం. ఆ మాటకొస్తే అలాంటి అదనపు బంపర్లు కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి చెప్పింది. కంపెనీ ఇచ్చిన రూపురేఖలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇందుకే వుంది. ఇవన్నీ నేను జర్నలిస్టునై వుండి తర్వాత చదివాను!

టైర్లు మళ్ళీ పాత సైజే, కాకపోతే లోతు గళ్ళవి. వెడల్పు టైరు బురదలో బాగా పోతుంది కదా అని వాదించాను. బాబాయ్ నవ్వాడు. “మన రేగడి అరిసెల పాకం లాంటిది. గళ్ళలో ఒకసారి నిండిందంటే ఏ టైరైనా బోడిదే. గాలి కాస్త తగ్గించు, నేలకి ఎక్కువ ఆనుతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టించు.” దమ్ము చేసిన పొలంలో ట్రాక్టరు కూడా ఇనప కేజ్ వీల్స్ వేసుకునే దిగుతుంది, జీపెంత?

ఇంకోటి నేర్పాడు. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. ఆయిల్ పాలు పోసిన కాఫీలా తయారవుతుంది. అందుకని హౌసింగ్ మీది బ్రీదర్‌కి సన్న గొట్టం తగిలించి ఇంజను గది పైదాకా తెచ్చాం. ఖర్చు మూడు వందలు కాలేదు.

“మరి ఇంజనుకి కూడా గాలిగొట్టం పైకి పెడదామా?” అన్నాను. ఇంజను నీళ్ళు పీలిస్తే కథ ముగిసినట్టే. గాలిని నొక్కొచ్చు గాని నీళ్ళని నొక్కలేం గదా, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

“వద్దు” అన్నాడు. “గొట్టం పెడితే ధైర్యం వస్తుంది. ధైర్యం వస్తే లోతుకి పోతావు. నీళ్ళు బంపరు అంచుదాకా వస్తే ఆగు. అంతే.”

బుడమేరు రోజులు

2024 సెప్టెంబరు ఒకటి. ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వెళ్ళాయి. మంచినీళ్ళ సీసాలు, పాలపాకెట్లు, రొట్టెలు వేసుకుని నేను జీపు తీశాను. సింగ్‌నగర్ ఫ్లయ్‌ఓవర్ దిగేచోట నేల అయిపోయింది. అక్కణ్ణించి నీళ్ళే. పడవలు, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.

నా బండి చూసి కుర్రాళ్ళు మూగారు. “దింపన్నా! జీపేగా! సినిమాలో ఎట్టా పోద్దో తెలీదా?”

నా కాలు క్లచ్ మీదే వుంది. అబద్ధమెందుకు, దింపుదామనే అనిపించింది. అవతల మేడల మీంచి జనం చేతులూపుతున్నారు. కర్ర తీసుకుని దిగి కొలిచాను. పది గజాలకే నడుం దాటింది. తిరిగొచ్చి, సరుకంతా ఒక ట్రాక్టరులోకి ఎక్కించాను. ఒక కుర్రాడు “ఛ, షో బండి!” అన్నాడు. అనుకోనీ. ఆ నీళ్ళలో నేను ఆగిపోతే, నన్ను లాగడానికి ఒక పడవ పని మానాలి.

మూడు రోజులూ మాకు దొరికింది చిన్న వేషమే. పడవలు దింపిన వాళ్ళని, నీళ్ళు మోకాలు దాటని సందుల్లోంచి ‘లో’ గేరులో, నడక వేగంతో బంధువుల ఇళ్ళకి చేర్చడం. నీళ్ళలోంచి బయటికి రాగానే బ్రేకు మెల్లగా తొక్కిపట్టి డ్రమ్ములు ఆరబెట్టడం. రాత్రి హౌసింగ్ ఆయిల్ చూడటం. తేనెరంగులోనే వుంది.

ఎన్ని ట్రిప్పులు వేశానో లెక్క పెట్టలేదు. ఒకటి గుర్తుంది. ఒక ముసలావిడ, ఇద్దరు మనవలు. రెండు రాత్రులు మేడ మీద వున్నారట. గవర్నరుపేటలో కూతురింటికి వెళ్ళాలి. కుర్రవెధవ ఒకడు, “అంకుల్, జీపు ఇంత మెల్లగా పోతుందేం?” అన్నాడు.

“పోనీరా, మెల్లగానే పోనీ. మనకేం తొందర నాయనా” అంది ఆవిడ, కమ్మీ గట్టిగా పట్టుకుని.

నేను వెనక్కి తిరిగి, “బామ్మగారూ, కమ్మీ వదిలేసి బెల్టు పెట్టుకోండి” అన్నాను.

ఆ వారం మామయ్యకి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బండి బావుందిరా” అన్నాడు. ఈసారి ‘రా’ సాగదీయలేదు.

ఇప్పుడు జీపు వేపచెట్టు కిందే వుంటుంది. మాట్ నలుపు అక్కడక్కడా పెచ్చులూడింది. కింద నించి పాత పబ్లిసిటీ రోజుల ఆకుపచ్చ కనిపిస్తోంది. మళ్ళీ రంగు వేయిద్దామా అని అడుగుతారు మిత్రులు. వేయిద్దాం, తొందరేముంది? వచ్చే నెల బ్రేకు లైనర్లు చూడాలి, ముందు ఆ పని కానివ్వండి.