ఇటలీ బండి... ప్రొద్దుటూరు సామాను!

ఓ పక్కకు వంచాలి. కాసేపు అలాగే పట్టుకోవాలి. మళ్లీ నిలబెట్టి నాలుగు కిక్కులు కొట్టాలి. అప్పుడుగానీ చప్పుడు చేయదు. ఆ వెనకే నీలం పొగ, కాలిన ఆయిలు వాసన... ఒకప్పుడు కడప జిల్లాలో తెల్లవారిందంటే ఏ వీధిలోనైనా ఇదే వరస. బడిపంతులు, బ్యాంకు గుమస్తా, బట్టల కొట్టు యజమాని- అందరి వాకిట్లోనూ స్కూటరే. దాని పేరు బజాజ్ కావచ్చు, లాంబ్రెట్టా కావచ్చు, విజయ్ సూపర్ కావచ్చు. పుట్టిల్లు మాత్రం ఇటలీ!

ఇప్పుడా బండి మీద మళ్లీ మోజు మొదలైంది. కొట్టంలో గడ్డివాము వెనక దుమ్ము పట్టి ఉన్న నాన్న స్కూటర్ని బయటికి లాగేవాళ్లు కొందరు. అలాంటిదే ఒకటి కొనుక్కుని ముస్తాబు చేసుకోవాలనుకునేవాళ్లు ఇంకొందరు. కొనడం పెద్ద పనేం కాదు. దాన్ని రోడ్డెక్కించి, రోడ్డు మీదే ఉంచడమే అసలు పని. అందుకు కావాల్సింది సామాను. ఆ సామాను కోసం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తిరిగితే తెలిసే విషయం ఒకటుంది. బండిని చూసి సామాను వెతకడం కాదు, సామాను చూసి బండి కొనాలి!

అటు కందిరీగ... ఇటు లాంబ్రెట్టా

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీలో జనానికి చవకైన బండి కావాల్సి వచ్చింది. విమానాలు తయారుచేసిన పియాజియో కంపెనీ 1946లో వెస్పాను తెచ్చింది. ఇటలీ భాషలో వెస్పా అంటే కందిరీగ. దాని రూపశిల్పి కొరాడినో దస్కానియో విమానాల ఇంజినీరు. అందుకే వెస్పాకు విడిగా ఫ్రేము ఉండదు. విమానంలాగే రేకు ఒళ్లే దానికి ఎముకల గూడు. మరుసటి ఏడాది మిలాన్‌లో ఇన్నొచెంటి కంపెనీ లాంబ్రెట్టాను దింపింది. దీనికి లోపల ఇనుప గొట్టం ఫ్రేము, పైన రేకు తొడుగులు. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ వెస్పా ఎక్కాక ఆ బండి లోకమంతా తెలిసిపోయింది.

విదేశీ వాహనాల దిగుమతికి మన దేశంలో కట్టడి ఉన్న రోజులవి. ఇటలీ మోటారు సైకిళ్లు ఎక్కడో ఒకటీ అరా తప్ప మన ఊళ్ల దాకా రాలేదు. లైసెన్సు మీద ఇక్కడే తయారైన స్కూటర్లు మాత్రం వచ్చాయి. ముంబయిలో ఏపీఐ సంస్థ లాంబ్రెట్టాను తయారుచేసింది. బజాజ్ వెస్పా లైసెన్సు తీసుకుంది. 1971లో ఆ ఒప్పందం ముగిశాక 1972లో చేతక్ పేరుతో సొంత బండిని తెచ్చింది. 1980ల్లో కాన్పూర్ నుంచి ఎల్‌ఎంఎల్ వెస్పా వచ్చింది. మన హైదరాబాద్ కూడా తక్కువ తినలేదు. ఆల్విన్ 'పుష్పక్' లాంబ్రెట్టా వంశానిదైతే, ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ తెచ్చిన 'పీఎల్ 170' వెస్పా వంశానిది. చివరికి లూనా కూడా ఇటలీ బిడ్డే. పియాజియో 'చావ్' మోపెడ్ నమూనాతో 1972లో కైనెటిక్ సంస్థ తెచ్చిన 50 సీసీ బుల్లి బండి అది.

అప్పట్లో డబ్బు చేతిలో ఉన్నా బండి దొరికేది కాదు. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పెళ్లి మాటల్లో 'అబ్బాయికి స్కూటరు' అనే షరతు కట్నం లెక్కతో పాటే వచ్చేది. అంత అపురూపంగా ఇంటికి తెచ్చుకున్న బండి కాబట్టే ఇప్పటికీ కొన్నిళ్లలో దాన్ని పాత ఇనుముకు వేయడానికి చేతులు రావు.

గీటురాయి మీద పెట్టాల్సిందే

ప్రొద్దుటూరుకు రెండో ముంబయి అని పేరు. బంగారం, బట్టల వ్యాపారం పెట్టిన పేరది. వాసవీ కన్యకా పరమేశ్వరి ఆలయ దసరా వేడుకలు చూడటానికి వచ్చేవాళ్లు, పెళ్లి నగలు కొనడానికి వచ్చేవాళ్లు ఊరినిండా కనిపిస్తారు. ఇంత బేరం నడిచే ఊళ్లో స్కూటరు సామానుకూ చోటుంటుంది. అయితే బంగారాన్ని గీటురాయి మీద పెట్టినట్టే సామాన్నీ పరీక్షించి కొనాలి.

పాత స్కూటరు సామాను మూడు రకాలు. మొదటిది ఎక్కడైనా దొరికేది. టైరు, ట్యూబు, ప్లగ్గు, బల్బు, కేబుల్ వైర్లు ఈ లెక్కలోకి వస్తాయి. చేతక్‌కూ లాంబ్రెట్టా ఎల్‌ఐకీ పది అంగుళాల చక్రాలే. నేటి స్కూటర్లలోనూ ఆ కొలత చాలావాటికి ఉంది కాబట్టి టైరుకు దిగుల్లేదు. బేరింగులకు, ఆయిల్ సీళ్లకు బండి పేరుతో పనిలేదు. వాటి మీద ఉండే నంబరు, కొలత చెబితే చాలు.

రెండోది బజాజ్ సామాను. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, పాయింట్లు, కండెన్సర్... చేతక్ లక్షల్లో అమ్ముడుపోయిన బండి. 2009 చివర్లో స్కూటర్లకు స్వస్తి అని బజాజ్ ప్రకటించినా విడిభాగాలు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి. 2020లో చేతక్ పేరు తిరిగొచ్చింది కానీ అది కరెంటు బండి. ఆ సామాను దీనికి అక్కరకు రాదు.

మూడోదే చిక్కు. అది లాంబ్రెట్టా, లూనాల సొంత సామాను. అడిగితే కొట్టు యజమాని ముందు నవ్వుతాడు. తర్వాత 'పాతది తెచ్చినావా అప్పా?' అంటాడు. అది వేళాకోళం కాదు, ఈ వ్యాపారంలో మొదటి సూత్రం. పాత ముక్కను గుడ్డలో చుట్టుకుని వెంట తీసుకెళ్లాలి. నోటితో చెబితే ఒకటి, చేతికి వచ్చేది ఇంకొకటి. చేతక్ బోరు 57 మిల్లీమీటర్లు. లాంబ్రెట్టా ఎల్‌ఐ 150 బోరు కూడా సరిగ్గా 57 మిల్లీమీటర్లే. అంతమాత్రాన దాని పిస్టన్ దీనికి పడుతుందనుకుంటే డబ్బు నీళ్లపాలే. లోపలి పిన్ను కొలతలు వేరు, లాంబ్రెట్టా స్ట్రోకు కూడా ఒక మిల్లీమీటరు ఎక్కువ.

దొరకని చోట లేత్ మిషనే దిక్కు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు గంటలోపు ప్రయాణం. 2016లో నంద్యాల- యర్రగుంట్ల రైలు మార్గం మొదలయ్యాక ఈ రెండు ఊళ్లకూ రైలు కూత వినిపించింది. పెన్నా ఒడ్డు, మైలవరం జలాశయం, ఇంకొంచెం ముందుకెళితే గండికోట. కోట చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. వారాంతాల్లో పాత బండ్ల మీద గండికోట దాకా పోయి రావాలన్నది స్కూటరు ప్రియుల ముచ్చట. కోట దారిలో బండి ఆగిపోతే మాత్రం తిరిగి జమ్మలమడుగు రావాల్సిందే.

చిన్న ఊళ్లలో కొత్త సామాను తక్కువ. దాని బదులు పనితనం ఉంటుంది. వ్యవసాయ మోటార్లు, ట్రాక్టర్లు బాగుచేసే లేత్ మిషన్ల దగ్గరే స్కూటరు పనీ జరుగుతుంది. అరిగిన సిలిండరుకు బోరు కొట్టి ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. మర పోయిన చోట బుష్ వేసి కొత్తగా మర తీస్తారు. విరిగిన అల్యూమినియం మూతను గ్యాస్ వెల్డింగుతో అతుకుతారు. ఇత్తడి బుష్ కావాలంటే కడ్డీ కోసి తిప్పి ఇస్తారు. అయితే లేత్‌కూ హద్దుంది. గేరు పళ్లు, క్రాంకు లాంటివి ఇక్కడ చేయించుకుంటే ఎక్కువ రోజులు నిలవవు. అవి అసలువే కావాలి.

వాటి కోసం పెద్ద ఊళ్ల దారి పట్టాలి. యర్రగుంట్లలో రైలెక్కితే చెన్నై. అక్కడి పుదుపేట పాత వాహనాల విడిభాగాలకు పెట్టింది పేరు. బెంగళూరుకు పోతే జేసీ రోడ్డు. ఓ వింత కూడా ఉంది. ఇన్నొచెంటి 1971లో స్కూటర్ల తయారీ ఆపేసినప్పుడు ఆ యంత్రాలను మన ప్రభుత్వం కొని లక్నోకు తెచ్చింది. 1972లో స్కూటర్స్ ఇండియా పుట్టింది. విజయ్ సూపర్ అక్కడిదే. లాంబ్రెట్టాకు కావాల్సిన ముక్క కోసం ఇంగ్లండు, ఇటలీ అభిమానులు మన దేశం వైపు చూడటం అప్పట్నుంచే అలవాటైంది. ఆ కంపెనీ 1997లో స్కూటర్లు ఆపేసింది. సంస్థనే మూసేయడానికి 2021లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఇక పాత నిల్వలు, విడిగా తయారుచేసేవాళ్లే ఆధారం.

చీనీ తోటల మధ్య లూనా

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల. చీనీ, అరటి తోటల నేల. ఇక్కడ కొత్త సామాను కన్నా పాత బండే ముందు వెతకాలి. తోట దగ్గరి షెడ్లలో, పశువుల కొట్టాల్లో మూలన పడిన లూనాలు, స్కూటర్లు ఉంటాయి. ఒకప్పుడు పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసిన బండ్లవి. ఒక బండిని నడిపించాలంటే అదే రకం చచ్చిన బండి ఇంకొకటి దగ్గరుండటం మేలు. దాని దీపం దీనికి, దీని పెడలు దానికి. పాత బండ్లు మెయింటెయిన్ చేసేవాళ్లు ఒకటికి రెండు కొనడం అందుకే.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. వెస్పా రకమైతే కాళ్లు పెట్టుకునే పలక కింద చేయి పెట్టి చూడాలి. ఒళ్లే ఫ్రేము కాబట్టి అక్కడ తుప్పు తింటే బండి నడుము విరిగినట్టే. లాంబ్రెట్టా అయితే పక్క రేకులు, మీటరు, హెడ్‌లైటు రింగు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. ఇంజిను బాగుచేయొచ్చు కానీ పోయిన రేకు దొరకదు. గేరు వేసి లాగినప్పుడు జారిపోతుంటే లోపల ఖర్చు కాచుకుని ఉన్నట్టు.

కాగితం లేని బండి...

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఆర్‌సీ పుస్తకం. అందులోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో కలవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చాకే అమ్మకం. ఇది వదిలేసి కొన్న బండి ఇంట్లో బొమ్మలా ఉండాల్సిందే.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండ్లకు 2021లో కేంద్రం విడిగా 'వింటేజ్' రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు. రోజూ కూరగాయలకు వెళ్లడానికి మాత్రం కుదరదు. నడపడానికే కొనేవాళ్లకు మామూలు రిజిస్ట్రేషనే నయం.

సామాను దొరుకుతుంది... చేతులో?

పిస్టన్ చెన్నైలో దొరక్కపోతే ఢిల్లీ కరోల్‌బాగ్‌లో దొరుకుతుంది. డబ్బు పెడితే ఇటలీ నుంచి కూడా తెప్పించుకోవచ్చు. డబ్బు పెట్టినా దొరకనిది మెకానిక్ చెవి. ఇంజిన్ చప్పుడు విని 'పాయింట్లు అరిగినాయి', 'క్రాంకు బేరింగు పోయింది' అని చెప్పేవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. పాయింట్ల మధ్య సందును బ్లేడు ముక్కతో సరిచేయడం, పెట్రోలులో ఆయిలు పాళ్లు పొగ రంగు చూసి చెప్పడం ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నవి కావు. కుర్రమెకానిక్‌ల బతుకుతెరువు కొత్త బండ్లతోనే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక వాళ్ల చేతికి స్పానరు కన్నా ముందు స్కానరు వస్తోంది. అది వాళ్ల తప్పు కాదు. నెలకో పాత స్కూటరు వస్తే ఆ పని నేర్చుకుని ఏం తింటారు?

అందుకే పాత బండి కొనాలనుకునేవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే వరస ఇది. ముందు మెకానిక్‌ని వెతకండి. తర్వాత సామాను ఎక్కడుందో కనుక్కోండి. ఆ తర్వాత కాగితాలు. చివర్న బండి. వీలైతే పని జరుగుతున్నంతసేపూ పెద్దమేస్త్రీ పక్కన ఇంట్లో కుర్రాణ్ని కూర్చోబెట్టండి. బండి ఇంకో ఇరవై ఏళ్లు తిరగాలంటే స్టెప్నీ కన్నా వాడే ఎక్కువ అవసరం!