అద్దపు కప్పు కింద

2003 చలికాలంలో లండన్ టేట్ మోడర్న్‌లో ఒలాఫర్ ఎలియాసన్ ఒక సూర్యుణ్ణి నిలిపాడు. నిజానికది సగం సూర్యుడే. ఒకప్పటి విద్యుత్కేంద్రపు టర్బైన్ హాలులో అర్ధవృత్తాకారపు తెర, దాని వెనుక సుమారు 200 దీపాలు. మిగతా సగాన్ని కప్పుకు పరచిన అద్దం పూరించేది.

ఆ దీపాల కింద పసుపూ నలుపూ తప్ప మరో రంగు కానరాదు. నా ఎర్ర స్వెట్టరూ, పక్కవారి నీలికళ్ళూ ఒకటే. ఉద్యోగానికని ఆ నగరం చేరి అప్పటికి మూడు నెలలు. వీధిలో ఎవరు చూసినా ముందు నా రంగునే చూస్తున్నారన్న శంక నన్ను వీడేది కాదు. అక్కడ కాసేపు వీడింది.

జనమంతా నేలమీద వెల్లకిలా పడుకున్నారు. నేనూ పడుకున్నాను (వేసవి రాత్రి డాబా మీదలాగే!). అంత ఎత్తున అద్దంలో చీమలబారు. అందులో నేనెవరు? ముఖం ఆనవాలు దొరకదు. చేయి ఊపాను. ఒక చీమ ఊపింది. దాని పక్కదీ ఊపింది. అతడెవరో తనను తాను వెతుక్కుంటున్నాడు కాబోలు. కాలు కూడా ఎత్తితే గాని తేలలేదు. దీనికి వేదాంతం చెప్పేవారుంటారు గానీ, నాకు కలిగింది మాత్రం భయమే. రెప్పవాల్చి చూస్తే మళ్ళీ తప్పిపోయేవాణ్ణి.

ఇంతలో కొందరు అపరిచితులు పాదాలు కలిపి నక్షత్రంలా పడుకుంటూ, ఒక కొన తక్కువైందని నన్ను సైగతో పిలిచారు. వెళ్ళాను.