పక్కు కింద దారి

మొన్న ఆదివారం మా మనవరాలు సైకిలు మీంచి పడి మోకాలు దోక్కుపోయి వచ్చింది. రక్తం కంటే రసే ఎక్కువ కారుతోంది. "కట్టూ గిట్టూ వద్దు, గాలికి ఆరనివ్వు. పక్కు కడితే దానంతటదే మానుతుంది" అంది మా వదిన. మీ ఇంట్లోనూ ఇదే మాట కదండీ? నేనూ ఏళ్ల తరబడి పిల్లలందరికీ ఇదే చెప్పాను.

ఈసారి మాత్రం ఒప్పుకోలేదు. జార్జ్ వింటర్ సంగతి చదివాక ఇక ఒప్పుకోలేను. లండన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈయన పందిపిల్లల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటి మీద పల్చటి పాలిథిన్ కాగితం కప్పాడు. ఎలుకలు కాకుండా పందులెందుకంటారా? ఎలుక చర్మం వదులు, గాయం అంచులు ముడుచుకుని దగ్గరికొచ్చేస్తాయి. పంది చర్మం మనలాగే ఒంటికి అంటుకుని ఉంటుంది. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పాకింది. 1962లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడే మనుషుల మీదా అదే తేలింది.

ఎందుకలా? ఇక్కడే నాకు ఒళ్లు పులకరించింది. గాయం అంచుల నుంచీ, లోపల మిగిలిన వెంట్రుకల కుదుళ్ల నుంచీ చర్మకణాలు బయల్దేరి పాక్కుంటూ వస్తాయి. వాటికి తడి కావాలి. గాలికి ఆరితే పైన రసి, రక్తం గడ్డకట్టి పక్కవుతుంది, దాని కింద కొంత మేర లోపలి చర్మం కూడా ఎండిపోతుంది. అప్పుడా కణాలు ఆ ఎండిన పొర కిందికి దిగి, ఎంజైములతో అడ్డొచ్చిన పీచుని కోసుకుంటూ దారి చేసుకోవాలి. తడిగా ఉంటే పైపైనే జారిపోతాయి. మనం కవచమనుకున్న పక్కు వాటికి అడ్డుగోడ అన్నమాట!

అలాగని మురికి గాయాన్ని మూసి కట్టేయకండి. లోతుగా తెగినా, కుక్క కరిచినా, షుగరున్నవాళ్ల కాలికి పుండు పడినా నేరుగా డాక్టరు దగ్గరికే. ఇలా దోక్కుపోయినదైతే కుళాయి కింద మట్టి పోయేదాకా కడిగి, కాస్త వాజలిన్ రాసి, మెత్తటి గుడ్డ కట్టి, రోజూ మార్చడమే. మేం చేసిందదే. టీటీ సూది సంగతీ చూసుకున్నాం.

శనివారం కట్టు విప్పాం. పక్కు లేదు. ఉల్లిపొరంత పల్చగా, లేత గులాబీ రంగులో, కాస్త మెరుస్తూ కొత్త చర్మం. మా వదిన కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, చిటికెన వేలి కొసతో అంచు మీద మెల్లగా తాకింది. "నొప్పిగా ఉందా అమ్మలూ?" అంది.

"లేదు నానమ్మా, చక్కిలిగిలి!"