కారుకు చుట్టుదారి, సైకిలుకు రాచబాట: గ్రోనింగెన్ నగర దర్శనం

నెదర్లాండ్స్ దేశపు ఈశాన్య కొసన ఉన్న గ్రోనింగెన్, మన వారు విరివిగా వెళ్లే నగరాలలోనిది కాదు. ఆమ్‌స్టర్‌డామ్ నుండి రైలులో రెండు గంటలకు పైగా ప్రయాణం. 1614లో స్థాపితమైన విశ్వవిద్యాలయం, నడిబొడ్డున మార్టిని చర్చి గోపురం, పాత పట్టణాన్ని వలయంగా చుట్టిన కాలువలు ఇక్కడి చూడదగిన విశేషాలు. అయితే ఒక ఇంజనీరును ఎక్కువగా ఆకట్టుకొనేది ఇక్కడి నిశ్శబ్దం. రెండు లక్షలకు మించిన జనాభా గల నగరపు ప్రధాన కూడలి గ్రోటే మార్క్ట్‌లో నిలబడితే వినవచ్చేది మోటార్ల మోత కాదు. సైకిలు గంటలు, మనుషుల మాటలు.

డచ్చి వారు పుట్టుకతోనే సైకిలు ప్రియులని, పైగా నేల బల్లపరుపు గనుక వారికి సులువని మనం అనుకుంటాము. నేల అప్పుడూ బల్లపరుపే. అయినా రెండవ ప్రపంచ యుద్ధానంతరం చేతిలో డబ్బు ఆడేసరికి అక్కడ కూడా కార్లు పెరిగి సైకిళ్లు తగ్గిపోయాయి. 1971 సంవత్సరంలో ఆ చిన్న దేశపు రోడ్ల మీద మూడు వేల మందికి పైగా మరణించారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ఈ పిల్లల హత్యను ఆపండి అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభం దానికి తోడైంది. ఆనాటికి గ్రోటే మార్క్ట్ కూడా కార్లు నిలిపే స్థలమే, కార్లు దూసుకుపోయే కూడలే.

1977 సెప్టెంబరులో ఈ నగరం చేసిన పని నన్ను విశేషంగా ఆకర్షించింది. యువకుడైన నగరపాలక సభ్యుడు మాక్స్ వాన్ డెన్ బెర్గ్ ముందు నిలిచి నడిపించిన పథకమది. కాలువల నడుమనున్న కేంద్ర ప్రాంతాన్ని నాలుగు భాగాలు చేశారు. కారు ఏ భాగంలోకైనా రావచ్చును. కాని ఒక భాగం నుండి పక్క భాగానికి నేరుగా పోవడానికి వీలులేదు; వెలుపలి వలయ రహదారికి తిరిగి వెళ్లి, చుట్టివచ్చి, మళ్లీ ప్రవేశించాలి. సైకిలు, పాదచారి మాత్రం తిన్నగా పోవచ్చును. వంతెనలు కట్టలేదు, సొరంగాలు తవ్వలేదు. చాలామట్టుకు ఏకదిశ వీధుల ఫలకాలు మార్చారు, కొన్నిచోట్ల అడ్డంకులు పెట్టారు. అదీ ఒక్క రాత్రిలో. మన భాషలో చెప్పాలంటే కొత్త పైపులైను వేయకుండా, ఉన్న జాలంలోనే నాలుగైదు వాల్వులు మూసి ప్రవాహపు దిశ మార్చినట్లు!

వ్యాపారులు మండిపడ్డారు. కారు రాని వీధికి కొనుగోలుదారు రాడన్నది వారి భయం. అది తీసిపారేయదగిన భయం కాదు, బతుకుతెరువుకు సంబంధించినది. పాలకవర్గం వెనుదీయలేదు. సరుకు బండ్లకు ఉదయపు వేళలు కేటాయించారు. కారు నిలుపుదలను వీధుల నుండి తగ్గించి, కేంద్రపు అంచున గల పార్కింగ్ భవనాలకు, ఊరి వెలుపల బస్సు అందుకొనే స్థలాలకు మళ్లించారు. వీధిలో నిలపాలంటే రుసుము చెల్లించాలి. నగరవాసుల ప్రయాణాలలో ఇప్పుడు సుమారు 60 శాతం సైకిలు మీదనే జరుగుతాయంటారు. జనాభాలో దాదాపు నాల్గవ వంతు విద్యార్థులు కావడం ఇందుకు కొంత దోహదం చేసిందని ఒప్పుకోవాలి.

ప్రజలంతా ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టారని మాత్రం అనుకోరాదు. నోర్డర్ ప్లాంట్సూన్ అనే ఉద్యానవనం గుండా కార్లు పోరాదా అన్న విషయమై 1994లో ప్రజాభిప్రాయ సేకరణ జరపగా, కార్లు వద్దన్న పక్షం అతి స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. నేడు అక్కడ చెరువు గట్టున బాతులకు రొట్టె వేస్తున్న పిల్లలను చూస్తే ఆ కొద్దిపాటి ఓట్ల విలువ తెలుస్తుంది.

నన్ను కాస్త కంగారుపెట్టినది ఒక చౌరస్తా. అక్కడ నాలుగు దిక్కుల సైకిళ్లకూ ఒకేసారి పచ్చదీపం వెలుగుతుంది! జీవితమంతా ఇంటర్‌లాకులు నమ్ముకొన్నవాడికి ఇది ప్రమాదానికి ఆహ్వానంలా తోస్తుంది. కాని ఆ సమయంలో మోటారు వాహనాలన్నీ ఆగి ఉంటాయి. సైకిలువారు ఒకరినొకరు చూసుకొంటూ, నెమ్మదించి, ఐమూలగా కూడా దాటిపోతారు. నేను పావుగంట నిలబడి చూశాను; ఎవరూ తగులుకోలేదు.

మన దేశపు జాతీయ పట్టణ రవాణా విధానం కూడా 2006లోనే రోడ్డు వాహనాలకు కాక మనుషులకు చెందవలెననీ, పార్కింగ్ రుసుము భూమి విలువకు తగినట్లు ఉండవలెననీ పేర్కొన్నది. ఒక కారు నిలుపుటకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు స్థలం లెక్కిస్తాము. అందులో ఎనిమిది, పది సైకిళ్లు పడతాయి. మన కర్మాగారాల ద్వారాల వద్ద సైకిలు షెడ్లు ఎరిగిన పాతతరం వారికి ఈ లెక్క కొత్తది కాదు. షిఫ్టు మారే వేళ ఆ షెడ్డు పది నిమిషాల్లో ఖాళీ అయ్యేది. కార్ల స్థలం అలా ఖాళీ కావడం నేనింతవరకు చూడలేదు.

తిరుగు ప్రయాణపు సాయంకాలం వాన, ఎదురుగాలి. స్టేషను ముంగిట 2007లో నిర్మించిన వేదిక కింద నాలుగు వేలకు మించి సైకిళ్లు పట్టే చోటున్నది. పనులు ముగించుకొని రైలు దిగినవారు వాన కోటు తగిలించుకొని, తాళం తీసి, ఒక్కొక్కరుగా చీకటిలోకి సాగిపోతున్నారు. అందులో డెబ్బై ఏళ్ల పైబడిన ఒక పెద్దావిడ కూడా ఉన్నది. బుట్ట నిండా కూరగాయలు, ముందు చిన్న దీపం. గాలికి తల వంచి, వేగం తగ్గించకుండా ఆమె కాలువ వంతెన దాటిపోయింది.